పునాది నుంచి పిట్టగోడ దాకా: తాపీ పని మాటలు, వాటి వెనక లెక్కలు

మన వసతి గృహం వార్షికోత్సవ సంచికకు ఏదైనా వ్యాసం రాయమని తమ్ముళ్ళు అడిగారు. పోటీ పరీక్షల గురించి, కంప్యూటర్ కోర్సుల గురించి రాసేవాళ్ళు ఎలాగూ ఉంటారు. మేము మాత్రం మన ఇళ్ళలో రోజూ వినబడుతూ, మన పాఠ్యపుస్తకాల్లో దాదాపు ఎక్కడా కనబడని కొన్ని మాటల గురించి రాయదలిచాం. అవి తాపీ పని మాటలు, సెంట్రింగ్ మాటలు, రంగుల పని మాటలు.

రెడ్డిగూడెం, మైలవరం, నందిగామ, జగ్గయ్యపేట అంతా మెట్ట ప్రాంతం. పత్తి, మిరప, మామిడి పనులు లేని రోజుల్లో మనవాళ్ళలో చాలామంది వెళ్ళేది ఇళ్ళ పనికే. వేసవి సెలవుల్లో మేమూ తట్టలు మోశాం, ఇటుకలు అందించాం. మా ఇళ్ళలో డిగ్రీ పట్టా పుచ్చుకున్న మొదటి తరం మేము. పి.జి. చదువుకు వచ్చాక మాకు ఒక సంగతి అర్థమైంది. పని చేసేవాళ్ళ దగ్గర ఒక రకం మాటలున్నాయి. బిల్లు రాసేవాళ్ళ దగ్గర ఇంకో రకం మాటలున్నాయి. డబ్బు మాత్రం రెండో రకం మాటల్లోనే లెక్కకు వస్తుంది. మొదటి రకం మాటలు ఇంట్లో విని, రెండో రకం మాటలు బడిలో నేర్చుకోగలిగినవాళ్ళం మనమే. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కొలతల మాటలు

స్థలం దగ్గర వినిపించే మాటలు సెంటు, గజం. ఎకరానికి 100 సెంట్లు. సెంటుకు 48.4 చదరపు గజాలు, అంటే 435.6 చదరపు అడుగులు. చదరపు గజాన్ని అందరూ ఉత్త ‘గజం’ అనేస్తారు. కాబట్టి ‘వంద గజాల స్థలం’ అంటే 900 చదరపు అడుగులు. నెల్లూరు వైపు ఇదే స్థలాన్ని అంకణాల్లో చెబుతారు. అక్కడ అంకణం 72 చదరపు అడుగులు. పాత ఇళ్ళలో రెండు దూలాల మధ్య జాగాను కూడా అంకణం అనేవారు.

కట్టుబడి దగ్గరికి వస్తే ‘చదరం’ అనే మాట వస్తుంది. చదరం అంటే 100 చదరపు అడుగులు. ‘ఆరు చదరాల ఇల్లు’ అంటే 600 చదరపు అడుగుల ఇల్లు. ఇసుక, కంకర లెక్క ‘యూనిట్’లో ఉంటుంది. యూనిట్ అంటే 100 ఘనపు అడుగులు. కరెంటు బిల్లులో యూనిట్ వేరు, ఇసుక లారీలో యూనిట్ వేరు. లారీ తొట్టి పొడవు, వెడల్పు, ఇసుక ఎత్తు అడుగుల్లో కొలిచి గుణించి, 100తో భాగిస్తే ఎన్ని యూనిట్లు దిగిందో తేలిపోతుంది. ఇది ఏడో తరగతి లెక్క. కానీ ఈ లెక్క వేయకుండా డబ్బు చెల్లించే ఇళ్ళు మన ఊళ్ళలో ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు.

కింద నుంచి పైకి

ఇంటి పని ‘ముగ్గు పోయడం’తో మొదలవుతుంది. అంటే గోడలు ఎక్కడ వస్తాయో నేల మీద సున్నంతోనో ముగ్గుపిండితోనో గీతలు వేయడం. పుస్తకంలో దీన్ని మార్కింగ్ అంటారు. తరవాత పునాది తవ్వి అడుగున ‘బెడ్డు’ వేస్తారు. అది గట్టి కాంక్రీటు పరుపు. దాని మీద ఫుటింగులు, పిల్లర్లు, పునాది గోడ లేస్తాయి.

నేల నుంచి గచ్చు ఎత్తు దాకా వచ్చే కట్టుబడిని మన మేస్త్రీలు ‘బేస్‌మట్టం’ అంటారు. ఇంగ్లీషు ‘బేస్‌మెంట్’లోని చివరి ముక్క మనవాళ్ళ నోట ‘మట్టం’ అయింది. మట్టం అంటే సమానమైన ఎత్తు గనక అర్థం ఇంకా బాగా కుదిరింది. అసలు ఇంగ్లీషులో బేస్‌మెంట్ అంటే నేలకు దిగువన ఉండే గది. మనవాళ్ళు చెప్పే దానికి ఇంజనీరింగ్ పుస్తకంలో ఉన్న మాట ‘ప్లింత్’. పాలిటెక్నిక్‌లో సివిల్ తీసుకోబోయే తమ్ముళ్ళు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

అక్కడి నుంచి గోడ లేచి, తలుపులు, కిటికీల నెత్తిన ‘లింటెల్’ వస్తుంది. కిటికీ మీద ఎండకూ వానకూ అడ్డంగా బయటికి వచ్చేది సన్‌షేడ్. ఆ పైన స్లాబు. స్లాబు చుట్టూ కట్టే పొట్టి గోడ పిట్టగోడ. పుస్తకంలో ఇది పేరాపెట్. ‘పిట్టగోడ’ వింటే బొమ్మ కళ్ళ ముందు కనబడుతుంది.

ఈ దశల పేర్లు తెలియడం కేవలం తెలివి కోసం కాదు. 2006లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ళ పథకంలో గానీ, తరవాత వచ్చిన ప్రభుత్వ గృహ పథకాల్లో గానీ బిల్లులు దశలవారీగానే వచ్చాయి. బేస్‌మెంట్ దశ, లింటెల్ దశ లేదా రూఫ్ దశ, స్లాబు దశ అని రాస్తారు. ఇల్లు ఏ దశలో ఉందో, కాగితం మీద ఏ దశ రాశారో చదివి చెప్పగలిగిన మనిషి ఇంట్లో ఒకరుండాలి. ఆ మనిషి మీరే కావాలి.

పనిముట్లలో దాగిన పాఠాలు

తాపీ మేస్త్రీ దగ్గర ఉండే పనిముట్లు తక్కువే. మాలు వేసి సర్దే తాపీ, నూలుతాడు, తూకం గుండు, మూలమట్టం, రసమట్టం, పూత సాపు చేసే బద్ద. వీటిలో మన పాఠాలన్నీ ఉన్నాయి.

తూకం గుండు దారానికి కట్టిన ఇనప గుండు. భూమ్యాకర్షణ దాన్ని నిట్టనిలువుగా కిందికి లాగుతుంది. గోడ ఆ దారానికి సమాంతరంగా ఉంటే ‘తూకంలో ఉంది’ అంటారు. రసమట్టం అంటే గాజు గొట్టంలో ద్రవం, అందులో ఒక గాలి బుడగ. బుడగ నడిమధ్యన నిలిస్తే అడుగున ఉన్నది మట్టంగా ఉన్నట్టు. రెండు దూరపు పిల్లర్ల మీద ఒకే ఎత్తు గుర్తించాలంటే నీళ్ళు నింపిన పారదర్శకపు ట్యూబు పడతారు. ద్రవం రెండు చివరలా ఒకే మట్టంలో నిలుస్తుందని మనం భౌతికశాస్త్రంలో చదువుకున్నదే.

గది మూలలు సరిగా తొంభై డిగ్రీలు ఉండాలంటే మేస్త్రీ ఒక పని చేస్తాడు. మూల నుంచి ఒక గోడ వెంట 3 అడుగులు, రెండో గోడ వెంట 4 అడుగులు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య కొలుస్తాడు. సరిగ్గా 5 అడుగులు వస్తే ‘మూల కలిసింది’ అంటాడు. 3 వర్గం 9, 4 వర్గం 16, కలిపితే 25, అది 5 వర్గం. పదో తరగతిలో పైథాగరస్ సిద్ధాంతం అని మనం బట్టీ పట్టేది ఇదే. గది పెద్దదైతే 6, 8, 10 అడుగులు తీసుకుంటారు. గుర్తులు ఎంత దూరంగా ఉంటే తప్పు అంత తగ్గుతుంది. బడి గడప తొక్కని పెద్దలు ఈ సిద్ధాంతంతో ఇళ్ళు నిలబెడుతున్నారు. పరీక్షలో ఆ లెక్క వచ్చినప్పుడు భయపడాల్సిన అవసరం మనకు లేదు.

మాలు, పాలు, మళ్ళు

సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద ‘మాలు’. బాగా నీళ్ళగా కలిపిన సిమెంటు ‘సిమెంటు పాలు’. ‘ఒకటికి ఆరు’ అంటే ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్ళ ఇసుక. ఇటుక కట్టుబడికి సాధారణంగా ఇదే వాడతారు. కాంక్రీటుకు మూడు అంకెలు చెబుతారు. ‘ఒకటి, రెండు, నాలుగు’ అంటే సిమెంటు, ఇసుక, కంకర పాళ్ళు.

ఇక్కడ ఒక ముఖ్య విషయం. ‘ఒకటి, రెండు, నాలుగు’ పాత అలవాటు. పుస్తకం భాషలో అది దాదాపు ఎం 15. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456 (2000) ప్రకారం ఇనుము వేసే కాంక్రీటు కనీసం ఎం 20 ఉండాలి. అంటే సుమారు ‘ఒకటి, ఒకటిన్నర, మూడు’. ఎం పక్కనున్న అంకె 28 రోజుల తరవాత ఆ కాంక్రీటు చదరపు మిల్లీమీటరుకు ఎన్ని న్యూటన్ల ఒత్తిడికి ఆగాలో చెబుతుంది. ఈ పాళ్ళతో ఎం 20 కలిపేటప్పుడు 50 కిలోల బస్తాకు 30 లీటర్లకు మించి నీళ్ళు పోయకూడదని కూడా ఆ ప్రమాణంలోనే ఉంది. పోయడానికి జారుడుగా ఉంటుందని నీళ్ళు ఎక్కువ కొడితే ఆ రోజు పని సులువవుతుంది, స్లాబు బలం మాత్రం తగ్గిపోతుంది.

‘సిమెంటు ఆరింది’ అని మనం అంటాం. నిజానికి సిమెంటు ఆరడం వల్ల గట్టిపడదు. నీటితో రసాయనికంగా కలిసి గట్టిపడుతుంది. అందుకే పోసిన తరవాత తడి ఆరకుండా చూడాలి. పుస్తకంలో ఇది క్యూరింగ్. మనవాళ్ళు స్లాబు మీద చిన్న చిన్న గట్లు వేసి ‘మళ్ళు కట్టి’ నీళ్ళు నిలుపుతారు. పొలం మాట స్లాబు ఎక్కింది. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసిన సిమెంటుకు కనీసం 10 రోజులు తడి ఉంచాలి. ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్ కేంద్రం మనకు దగ్గరే గనక ‘బూడిద ఇటుక’ మనకు కొత్త మాట కాదు. అదే రకం బూడిదను సిమెంటులోనూ కలుపుతారు.

ఇనుము, సెంట్రింగ్

మన వైపు చువ్వ, ఊచ అనేదాన్ని తెలంగాణలో సలాక అంటారు. చువ్వల చుట్టూ కట్టేవి రింగులు. చువ్వ అడుగు పలకకు ఆనకుండా కింద పెట్టే చిన్న సిమెంటు ముక్కలు కవరు బిళ్ళలు. చువ్వ బయటికి కనబడితే తేమ తగిలి తుప్పు పట్టి, ఉబ్బి, స్లాబు పెచ్చులూడుతుంది. హాస్టళ్ళలో, పాత బడుల్లో ఊడిన పెచ్చుల వెనక తుప్పు చువ్వలు మనలో చాలామంది చూశారు. అరచేతిలో పట్టే ఆ బిళ్ళ విలువ అక్కడ తెలుస్తుంది.

ఇనుము తూకంలో మోసపోకుండా ఒక సూత్రం ఉంది. చువ్వ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 12 మిల్లీమీటర్ల చువ్వ అయితే 144ను 162తో భాగించాలి, 0.89 కిలోలు. 12 మీటర్ల నిలువు చువ్వ సుమారు పది కిలోల ఆరు వందల యాభై గ్రాములు ఉండాలి.

పలకలు, బొంగులు పెట్టి స్లాబుకు ఆధారం కట్టడమే సెంట్రింగ్. మామూలు సిమెంటుతో పోసిన స్లాబుకు గోడల మధ్య దూరం 4.5 మీటర్ల లోపైతే ఆధారాలను కనీసం 7 రోజులు, అంతకు మించితే కనీసం 14 రోజులు ఉంచాలి. బూడిద కలిసిన సిమెంటైతే ఇంకా ఆగాలి. పలకలు ఇంకో ఇంటికి కావాలనే తొందరలో ముందే విప్పితే, ప్రమాదం మొదట విప్పేవాడి నెత్తినే పడుతుంది.

సున్నం నుంచి లప్పం దాకా

జగ్గయ్యపేట చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు ఉండడానికి కారణం అక్కడి సున్నపురాయి. ఆ రాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే పొడిసున్నం వస్తుంది. నీళ్ళు పోస్తే కుతకుత ఉడికి తడిసున్నం అవుతుంది. గోడకు వేశాక గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్ళీ రాయిగా మారుతుంది. రసాయనశాస్త్రంలో మూడు సమీకరణాలుగా రాసేది ఇదే. పండగకు వెల్ల వేసిన గోడ నిజానికి పలచటి సున్నపురాయి పొర.

ఇప్పుడు వెల్ల తగ్గి రంగులు వచ్చాయి. స్నోసెం ఒక కంపెనీ పెట్టుకున్న పేరు. మనవాళ్ళు బయటి గోడలకు వేసే సిమెంటు రంగులన్నిటినీ స్నోసెం అనే పిలుస్తారు. లోపలి గోడల గుంటలు పూడ్చి నున్నగా చేసే ముద్ద ‘లప్పం’, పుస్తకంలో పుట్టీ. లప్పం ఆరాక గరుకు కాగితంతో రుద్ది, ప్రైమర్ కొట్టి, ఆ తరవాత రెండు కోటింగులు వేస్తారు. రంగుల పనికి వెళ్ళే అన్నలకు ఒక మాట. పాత రంగుల్లో సీసం ఉండేది. 2017 నవంబరు నుంచి ఇళ్ళ రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. మించకూడదని నిబంధన అమలైంది. కానీ పాత తలుపులను గీకేటప్పుడు లేచే దుమ్ము పాత రంగుదే. తడి చేసి గీకాలి, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, చేతులు కడుక్కోకుండా అన్నం తినకూడదు.

ఈ మాటలు ఎక్కడివి?

ఉలి, గడప, పార మన సొంత మాటలు. ఇటుక, సున్నం సంస్కృత ప్రాకృతాల నుంచి వచ్చాయి. పునాది, గజం పారశీకం నుంచి వచ్చాయి. మేస్త్రీ, అలమర పోర్చుగీసువారి మాటలు. లింటెల్, స్లాబు ఇంగ్లీషువి. ఒక్క ఇల్లు కట్టేసరికి ఇన్ని దేశాల మాటలు కలుస్తున్నాయి. కాబట్టి ‘మనది మొరటు భాష’ అని ఎవరన్నా అంటే తల దించుకోవాల్సిన పని లేదు.

ఈ మాటలకు గౌరవం ఇచ్చిన పండితులూ ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పనివాళ్ళ దగ్గరికే వెళ్ళి మాటలు సేకరించి మాండలిక వృత్తి పదకోశాలు వేసింది. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లో వచ్చింది. ఇళ్ళ కట్టుబడి పదాలను తరవాత బూదరాజు రాధాకృష్ణ గారు కూర్చారు. మన తాతలు పొలంలో, పనిలో పలికిన మాటలే వాటిలో అచ్చయ్యాయి.

ఇంకా పాత ఆధారం మన పక్కనే ఉంది. జగ్గయ్యపేట దగ్గర ధనంబోడు మీద బౌద్ధ స్తూపం ఉంది. దాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ పరిశీలించాడు. అక్కడ దొరికిన శాసనం ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో పాలనా సంవత్సరం నాటిది, అంటే క్రీస్తు శకం 3వ శతాబ్దంది. స్తూపం తూర్పు ద్వారం దగ్గర అయిదు ఆయక స్తంభాలు నిలిపినది రాజు కాదు, సిద్ధార్థుడనే ‘ఆవేసని’. ఆవేసని అంటే పనివాళ్ళ పెద్ద, ఇప్పటి మాటలో మేస్త్రీ. అతని తండ్రి నాగచంద్రుడు కూడా ఆవేసనే. ఆ దానంలో అతను తల్లిని ముందు నిలిపి, భార్య, పిల్లలు, తమ్ముడు, అందరి పేర్లూ చెక్కించాడు. పదిహేడు వందల ఏళ్ళ నాడు మన ప్రాంతపు మేస్త్రీ ఒకడు ఇంటిల్లిపాది పేర్లతో రాయి మీద మిగిలాడు.

మాట తెలియకపోతే పోయేదెంత?

మాకు బాగా తెలిసిన ఒక ముఠా ఒక ఇంటి ప్లాస్టింగును గుత్తకు ఒప్పుకుంది. చదరపు అడుగుకు ఇంత అని నోటిమాట. ఇంటికి 7 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు తలుపులు నాలుగు. 4 అడుగుల చదరపు కిటికీలు ఆరు. తలుపులు 84, కిటికీలు 96, మొత్తం 180 చదరపు అడుగులు. లెక్క కట్టే రోజున ఇంటాయన లోపలి పక్కా, బయటి పక్కా రెండూ తీసేసి 360 తగ్గించాడు. ‘ఖాళీకి పూత ఎక్కడ పూశారు?’ అన్నాడు. ముఠా దగ్గర జవాబు లేదు.

జవాబు ఉంది. ఐ.ఎస్. 1200 కొలతల ప్రమాణం ప్రకారం రెండు పక్కలా ఒకే రకం పూత పూసినప్పుడు, ఖాళీ అర చదరపు మీటరు లోపైతే ఏమీ తగ్గించకూడదు. అర నుంచి 3 చదరపు మీటర్ల దాకా అయితే ఒక్క పక్కే తగ్గించాలి. 3 మీటర్లు దాటితేనే రెండు పక్కలా తగ్గించి, మందంలో పూసిన పూతను కలపాలి. 3 చదరపు మీటర్లంటే 32 చదరపు అడుగుల పైమాటే. ఆ తలుపు 21, కిటికీ 16. కాబట్టి తగ్గించాల్సింది 180 మాత్రమే. మిగతా 180 అడుగుల కూలి, దాదాపు రెండు చదరాల పని, ఒక్క నియమం తెలియక పోయింది. అందుకే గుత్త ఒప్పుకునే ముందే ఖాళీలు ఎలా తీస్తారు, సన్‌షేడ్లు, పిట్టగోడ కలుస్తాయా లేదా అని ఒక కాగితం మీద రాసుకోవాలి. ఆ కాగితం రాసిపెట్టడం తొమ్మిదో తరగతి కుర్రవాడికి కూడా చేతనవుతుంది.

ఇన్ని మాటలున్న ఈ పనిలో ఒక మాట లేదు. మేస్త్రీకి ఆడమాట లేదు. మాలు కలిపేది, ఇటుక మోసేది, మళ్ళకు నీళ్ళు పెట్టేది ఎక్కువగా మన అమ్మలు, అక్కలు. పాలు చూసి మాలు సరిపోయిందో లేదో చెప్పగలిగినా, ఇరవై ఏళ్ళు చేసినా, పేరు ‘ఆడకూలీ’, ‘చేతికింద మనిషి’. పేరు మారకపోతే కూలి రేటూ మారదు. సిద్ధార్థుడు తల్లి పేరు ముందు చెక్కించిన నేల ఇది. ఆమె పనికి తగిన పేరు పెట్టాల్సిన బాకీ మన తరం మీద ఉంది.

తమ్ముళ్ళకు మా మనవి ఒక్కటే. ఈ సెలవుల్లో ఒక 40 పేజీల నోటుబుక్కు తీసుకోండి. ఎడమ పక్క ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే పనిమాట రాయండి. కుడి పక్క దాని పుస్తకం మాట, లెక్క రాయండి. తెలియకపోతే అక్కడ ఖాళీ వదిలి, హాస్టలుకు వచ్చాక సీనియర్లనో, లెక్కల మాస్టారినో అడిగి నింపండి. ఈ వ్యాసంలో మేము రాయని మాటలు మీ ఇళ్ళలో ఇంకా వందల్లో ఉంటాయి. వాటిని వచ్చే వార్షికోత్సవ సంచికకు పంపండి. అచ్చువేసే బాధ్యత పూర్వ విద్యార్థులుగా మేము తీసుకుంటాం.